హనుమంతమ్మ కంప్యూటర్లో అందరూ రమ్మీ ఆడేవాళ్లే

బళ్లారి కౌల్ బజార్లో గాజుల దుకాణం పైన ఒక చిన్న గది ఉంది. దాని మెట్లు ఎంత ఇరుకంటే, దిగేవాళ్లు దిగేదాకా ఎక్కేవాళ్లు కింద నిలబడాల్సిందే. "నా మెట్ల మీద ఎదురుపడి పెండ్లి చేసుకున్నోళ్లు కూడా ఉండారు" అని హనుమంతమ్మ గొప్పగా చెప్పుకుంటుంది. ఆ మాట నిజమేనా అని ఆమె భర్త దురుగప్పను అడిగితే, "ఎదురుపడింది నిజమేనప్పా. పెండ్లి మాత్రం ఇద్దరికీ వేరేవాళ్లతో అయింది" అంటాడు. ఆయన ఆటో నడుపుతాడు. బేరాల్లేనప్పుడు ఆ మెట్ల మీదే కూర్చుని పెళ్లాం మాటలకు సవరణలు చెబుతుంటాడు.

హనుమంతమ్మ సంబంధాలు కుదిర్చే మనిషి. వయసు యాభై దాటింది. ఒకప్పుడు ఆ గదిలోనే జాకెట్లు కుట్టేది. కొలతలు తీసుకుంటూ మాటల్లో పెట్టి, ఇంట్లో పెళ్లీడు పిల్లలెవరున్నారు, ఏం చదివారు, ఎవరికి కోపమెక్కువ అన్నవన్నీ రాబట్టేది. ఒకనాడు జాకెట్ల కోసం వచ్చిన ఇద్దరు తల్లుల్ని పక్కపక్కన కూర్చోబెట్టి, గుండీలు కుట్టడం పూర్తయ్యేలోపు వియ్యపురాళ్లను చేసేసింది. ఆ తర్వాత కుట్టుమిషను మూలకు జరిగింది, తలుపు మీద 'హనుమంతమ్మ కల్యాణ వేదిక' అని తెలుగులోనూ కన్నడంలోనూ బోర్డు వెలిసింది. ఊళ్లో పాతకాలం నుంచి ఉన్న తెలుగువాళ్లు వస్తారు. కాలువ నీళ్లకు వరి పండించుకుందామని కోస్తా నుంచి వచ్చి, సిరుగుప్ప వైపు క్యాంపుల్లో స్థిరపడిన రైతులూ వస్తారు. క్యాంపువాళ్లు వస్తే ఆమె 'అండి' అని మొదలుపెడుతుంది. రెండు మాటలయ్యేసరికి సొంత యాసలోకి జారిపోతుంది.

ఆమెకు ఒక నియమం ఉంది. ఎవరేం అడిగినా కాదనదు. అమ్మాయి ఉద్యోగం మానేస్తుందా అంటే 'మాట్లాడదాము' అంటుంది, అబ్బాయి ఇల్లు మారతాడా అంటే 'దానికేముంది' అంటుంది. లేదు, కాదు, వద్దు అనే మాటలు పెళ్లి గదిలో వినపడకూడదని ఆమె నమ్మకం. ఈ నమ్మకంతో ఎన్నో పెళ్లిళ్లు చేసింది. ఆమెను నిలువునా ముంచిందీ ఇదే.

ఒక ఇంటర్నెట్ సెంటర్ మూతపడుతుంటే అక్కడి పాత కంప్యూటర్ ఒకటి కొనుక్కుంది. దురుగప్ప దాన్ని ఆటోలో వెనక సీట్లో పెట్టి, గుంతలొచ్చినచోటల్లా ఆపి దిగి, తెర మీద చేయి వేసి చూసుకుంటూ తెచ్చాడు. ఆమె రెండే విద్యలు నేర్చుకుంది. పిల్లల ఫోటోలను ఎవరివి వాళ్ల పేరుతో దాచడం ఒకటి. పేరు కొట్టి మనిషిని వెతకడం రెండోది. పెళ్లి కావాల్సినవాళ్లంతా ఆమెకు 'నా పిల్లలే'. ఒకసారి ఒంటరివాణ్నని చెప్పుకున్న ఒక పెద్దమనిషి తన కొడుకు పుట్టినరోజున కేకు కోయిస్తున్న ఫోటోను ఆమె వెతికి పట్టుకుంది. అప్పటి నుంచి ఆమె మాటకు పోలీసు ఠాణా సర్టిఫికెట్ అంత విలువ వచ్చింది. "మనుషులు కథలు చెప్తారు. ఇదుండాదే, ఇది చెప్పదు" అని మౌస్ మీద చేయి వేసి అనేది.

జాతకాల కోసం మాటిమాటికీ పంతులు దగ్గరికి పోవడమెందుకని, ఒకరోజు 'ఉచితంగా జాతకాలు కలపడం' అని వెతికింది. 'జాతక దోస్త్' అని ఒకటి దొరికింది. దించమంటారా అని అది అడిగింది, ఈమె అవునంది. మీ బ్రౌజర్లో కూడా ఉండమంటారా అంది, ఉండమంది. అప్పుడప్పుడు పలకరించమంటారా అంది, పలకరించమంది.

"అదేం అడుగుతాండాదో చదివినావా?" అన్నాడు మెట్ల మీది నుంచి దురుగప్ప.

"ఇంత మర్యాదగా అడుగుతాంటే కాదంటారా ఎవురైనా? నువ్వు సుమ్నే నోర్మూసుకోని కూచో."

ఆ జాతక దోస్త్ నిజంగా దోస్తే. ఏ జంటను పెట్టినా 'ఉత్తమం' అనేది. హనుమంతమ్మ మురిసిపోయింది. ఇంతకన్నా మంచి పంతులు ఆమెకు ఏ ఊళ్లోనూ దొరకలేదు. కొన్నాళ్లకు బ్రౌజర్ తెరవగానే ఎప్పుడూ ఉండే వెతుకుడు పేజీ బదులు, మూలలో చిలక బొమ్మ ఉన్న పేజీ ఒకటి రావడం మొదలైంది. ఏదో పండగ కోసం మార్చారనుకుని ఆమె ఊరుకుంది.

అలాంటి సమయంలో శివరామకృష్ణయ్య వచ్చాడు.

సిరుగుప్ప దగ్గర క్యాంపులో ఆయనకు వరి పొలం ఉంది. ఆయన తండ్రి కాలంలో గోదావరి వైపు నుంచి వచ్చిన కుటుంబం. కూతురు హిమబిందు ఒక రైస్ మిల్లు ఆఫీసులో లెక్కలు చూస్తుంది. ఆ అమ్మాయికి హనుమంతమ్మ కుదిర్చిన అబ్బాయి నాగార్జున. వాళ్లవాడే, తోరణగల్లులో స్టీలు ఫ్యాక్టరీ ఉద్యోగం. తల్లి సరోజినీదేవితో కూరెకుప్పలో ఉంటాడు. పెళ్లిచూపులు అయిపోయాయి. ఇద్దరికీ నచ్చింది. ఇక మాట ఇచ్చుకోవడమే మిగిలింది. కానీ శివరామకృష్ణయ్య గుప్పెడు వడ్లు తీసి నలిపి, ఊది, ఒక గింజ కొరికితే తప్ప బస్తా సంగతి మాట్లాడని మనిషి. సంబంధాన్ని కూడా చివరిసారి కొరికి చూద్దామని వచ్చాడు.

"అబ్బాయి గురించి అన్నీ మంచిమాటలే వింటున్నామండి. అదే కాస్త భయంగా ఉంది" అన్నాడు.

"భయమెందుకప్పా? ఇప్పుడే చూపిస్తా చూడండి, లోకం ఏమంటాందో" అని హనుమంతమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని, 'నాగార్జున కూరెకుప్ప' అని ఒక్కొక్క అక్షరం ఒత్తి కొట్టింది. వరసగా ఏవో వచ్చాయి. మొదటిదాని మీద నొక్కింది. తెర ఒక్కసారి రెప్పవేసినట్టయి, ఆమె నొక్కింది కాక వేరే పేజీ తెరుచుకుంది. ఇద్దరు పేకముక్కల రాణులు నవ్వుతున్నారు. వాళ్ల మీద బంగారు నాణేల వాన కురుస్తోంది. పైన పెద్ద అక్షరాలున్నాయి.

శివరామకృష్ణయ్య కళ్లజోడు పెట్టుకుని కూడబలుక్కుంటూ చదివాడు. "నాగార్జున కూరెకుప్ప కోసం వెతుకుతున్నారా... ఇక్కడే ఉన్నారు... రమ్మీ ఆడండి, గెలవండి."

"నేనే యాడనో తప్పు నొక్కినట్టుండా" అని హనుమంతమ్మ వెనక్కి వెళ్లి రెండోదాని మీద నొక్కింది. తెర మళ్లీ రెప్పవేసింది. ఈసారి నోట్ల కట్టలు పట్టుకుని ఒక టై కట్టినాయన. 'నాగార్జున కూరెకుప్ప, అర్జంటు లోను. పూచీ అక్కర్లేదు.'

"ముందు ఆట, తర్వాత అప్పు" అన్నాడు శివరామకృష్ణయ్య కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుంటూ. "వరసగానే ఉందండి." తెప్పించిన టీ సగం గ్లాసులోనే వదిలేసి, తువ్వాలు భుజాన వేసుకుని మెట్లు దిగిపోయాడు. దురుగప్ప పక్కకు జరిగి దారిచ్చాడు.

హనుమంతమ్మ చాలాసేపు ఆ రాణుల ముఖాలు చూస్తూ కూర్చుంది. మనిషికి అన్యాయం చేయకూడదని, సరోజినీదేవికి ఫోన్ చేసింది. నేరుగా అడిగితే బాగుండదు కదా, చుట్టూ తిప్పి అడిగింది.

"ఏం లేదమ్మా, అబ్బాయికి ఆటలంటే శానా ఇష్టమంట గదా?"

"అయ్యో, పిచ్చండి" అంది సరోజినీదేవి సంతోషంగా. "డ్యూటీ దిగితే చాలు, అన్నం కూడా తినకుండా అటే పోతాడు. చిన్నప్పట్నుంచీ అంతేనండి."

"మీరేం అనరా?"

"ఎందుకనాలండి? ఫ్యాక్టరీలో పెద్ద పెద్ద ఆఫీసర్లు కూడా వీడితోనే ఆడతారు. మొన్న గెలిచాడు కూడా. మీరే చూస్తారుగా, పెళ్లయ్యాక అమ్మాయికి కూడా నేర్పిస్తానంటున్నాడు."

హనుమంతమ్మ ఫోన్ పెట్టేసి చెంగుతో ముఖం తుడుచుకుంది. ఆఫీసర్లతో కలిసి ఆడతాడంట. పెళ్లాన్ని కూడా దించుతాడంట. తల్లి చూస్తే పండగలా చెబుతోంది! సాయంత్రానికల్లా శివరామకృష్ణయ్యకు 'మీరనుకున్నదే నిజమప్పా' అని చెప్పేసింది. మర్నాడు సరోజినీదేవికి మాత్రం 'జాతకాలు కుదరలేదమ్మా' అని చెప్పింది. ఏ జంటకైనా ఉత్తమం అనే జాతక దోస్త్ పక్కనే కూర్చుని ఆ మాట చెప్పాల్సి వచ్చింది.

ఆ వారంలోనే యశ్వంతనగర్ నుంచి ఇంద్రసేన అనే బడిపంతులు సంబంధం వచ్చింది. నెమ్మదైన మనిషి, మాట్లాడేటప్పుడు కూడా నేలనే చూస్తాడు. అతని పేరు కొట్టింది. ఇద్దరు రాణులు, నాణేల వాన. 'ఇంద్రసేన యశ్వంతనగర్ ఇక్కడే ఉన్నారు!' హనుమంతమ్మ నోటి మీద చేయి వేసుకుంది. పిల్లలకు పాఠం చెప్పే మనిషి! అనుమానమొచ్చి ఇంకో అబ్బాయి పేరు కొట్టింది. వాడూ ఆడుతున్నాడు. అమ్మాయిల పేర్లు కొట్టింది. వాళ్లూ ఆడుతున్నారు, పైగా లోన్లు తీసుకుంటున్నారు. తన బోర్డు రాసిన పెయింటర్ పేరు, సంబంధాలు నిశ్చయమైనప్పుడు ముహూర్తం పెట్టే పంతులు పేరు, చివరికి కింద గాజుల దుకాణం ముసలాయన పేరు కూడా కొట్టింది. అందరూ అక్కడే ఉన్నారు. మధ్యాహ్నం ఎండలో కౌల్ బజార్ మొత్తం పేకాటలో కూర్చున్నట్టు ఆమెకు అనిపించింది.

ఎందుకనో వేళ్లు తమంతట తామే కదిలినట్టు 'హనుమంతమ్మ కౌల్ బజార్' అని కొట్టింది.

'ఇక్కడే ఉన్నారు! రమ్మీ ఆడండి, గెలవండి.'

"ఏమప్పో!" అని ఆమె వేసిన కేకకు దురుగప్ప మెట్లెక్కి పరుగున వచ్చాడు. తెర చూశాడు. చదివాడు. ముఖం గంభీరంగా పెట్టాడు.

"ఎంత గెల్చినావు? యాడ దాచినావు?"

"నా కొంప మునుగుతాంటే నీకు ఎగతాళా!"

"ఉండుండు, నా పేరు కొట్టు." కొట్టింది. ఆయన కూడా ఉన్నాడు. దురుగప్పకు ఇప్పుడు నిజంగానే కోపం వచ్చింది. "ఇది పచ్చి అబద్ధం. స్టాండులో మేమాడేది మూడు ముక్కలాట. రమ్మీ నాకు రానే రాదు. నీ కంప్యూటర్‌కు మతి పోయిందే."

మతి పోయింది కంప్యూటర్‌కైనా, మాట పోయింది తనదేనని హనుమంతమ్మకు తెలుసు. వెంటనే శివరామకృష్ణయ్యకు ఫోన్ చేసి ఉంటే కథ అక్కడితో అయిపోయేది. ఫోన్ చేతిలోకి తీసుకుంది. పోలీసు సర్టిఫికెట్ లాంటి తన మాట గుర్తొచ్చింది. ముందు దీన్ని బాగుచేయిస్తే చెప్పడానికి ముఖం ఉంటుందని ఫోన్ పక్కన పెట్టేసింది.

వీధి చివర సెల్‌ఫోన్లు బాగుచేసే సిద్దేశ్ వచ్చాడు. మౌస్ అటూ ఇటూ తిప్పి, "ఫార్మాట్ కొట్టేద్దామక్కా" అన్నాడు.

"అంటే ఏందప్పా?"

"అంతా తుడిచేసి కొత్తగా వేసేది."

"మరి నా పిల్లలు?"

"ఫోటోలా? వేరేగా ఎత్తి పెట్టుకోకుంటే అవీ పోతాయి."

హనుమంతమ్మ లేచి కంప్యూటర్‌కూ సిద్దేశ్‌కూ మధ్య నిలబడింది. "ఎంతమంది తల్లులు నన్ను నమ్మి ఇచ్చిన ఫోటోలప్పా అవి! తుడిచేస్తానంటావా? నువ్వు ఇంకేదన్నా చెయ్."

అతను ఇంకేదో చేశాడు. మొదటి పేజీ మార్చాడు. చిలక పోయింది. హనుమంతమ్మ అతనికి మంచి అమ్మాయిని చూస్తానని మాటిచ్చింది. మర్నాడు పొద్దున కంప్యూటర్ పెట్టగానే చిలక వచ్చి అదే మూలలో కూర్చుంది. సిద్దేశ్‌కు ఫోన్ చేస్తే, "చెప్పినా గదక్కా, ఫార్మాటే" అన్నాడు. అమ్మాయిని చూస్తానన్న మాటను ఆమె మనసులోనే వెనక్కి తీసేసుకుంది.

ఆదివారం నాడు మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. హిమబిందు. ఒక్కతే వచ్చింది. నీళ్లు తాగమన్నా తాగలేదు.

"నాగార్జునగారు రమ్మీ ఆడతారని మీకెవరు చెప్పారండి?"

హనుమంతమ్మ గడ్డంతో కంప్యూటర్ వైపు చూపించింది.

"నేను ఆయన్నే అడిగేశాను. ఆయనకి నవ్వొచ్చిందట, తర్వాత కోపమొచ్చిందట, ఇప్పుడు మళ్లీ నవ్వొస్తోందట. వాళ్లమ్మకి మాత్రం చెప్పలేదట. చెప్తే ఆవిడ నేరుగా మీ ఇంటికే వస్తారని."

హనుమంతమ్మకు మిగతాదంతా వినపడలేదు. "నువ్వు అడిగినావా? ఎట్లడిగినావు?"

"ఫోన్లో. పెళ్లిచూపుల రోజే నంబర్లు తీసుకున్నాం కదండీ."

"నాకు చెప్పకుండానే!" అంది హనుమంతమ్మ. ఇన్నేళ్ల వృత్తిలో ఇంత అన్యాయం తనకెప్పుడూ జరగలేదన్నట్టు కుర్చీలో కూలబడింది. మెట్ల మీద దురుగప్ప దగ్గినట్టు నవ్వాడు.

హిమబిందు ఆ కుర్చీ పక్కకు స్టూలు లాక్కుని, "ఏదీ, ఆయన పేరు ఎలా వెతికారో చూపించండి" అంది. హనుమంతమ్మ చూపించింది. చిలక, రెప్పపాటు, రాణులు, నాణేలు. చూడగానే హిమబిందు ముఖంలో కోపం పోయి, తెలిసినవాళ్లు కనిపించినట్టు ఒక నవ్వు వచ్చింది.

"ఇదా! మా మిల్లు కంప్యూటర్లో కూడా పడిందండి ఇది. ధాన్యం రేటు కోసం వెతికితే బట్టతల మందు చూపించేది. మా ఓనరుగారికి బట్టతల. నేనే కావాలని పెట్టానని నాతో పదిహేను రోజులు మాట్లాడలేదు."

"అంటే ఇది అందరికీ..."

"ఎవరి పేరు కొట్టినా ఆ పేరే అతికించి చూపిస్తుందండి. మనం ఒకచోటికి పోదామనుకుంటే దారి మళ్లించి వాళ్ల దుకాణానికి తీసుకుపోతుంది. మనం వెళ్లినందుకు వాళ్లకి లాభం."

ఈ సంగతి హనుమంతమ్మకు చప్పున అర్థమైంది. బస్టాండులో దిగిన కొత్తవాళ్లను పేరు పెట్టి పిలిచి, 'మీవాళ్లే పంపించినారు' అని తన లాడ్జికి తోలుకుపోయే బ్రోకర్లను ఆమె ఎంతమందిని చూడలేదు!

హిమబిందు బ్రౌజర్ సెట్టింగులు తెరిచింది. దేంతో వెతకాలి అన్నచోట చిలకగాడి పేరు ఉంది. తీసేయబోతే మార్చడానికి వీల్లేకుండా బూడిదరంగులో ఉంది. బ్రౌజర్‌కు తగిలించుకున్న అదనపు సరుకులు చూపించే చోటికి వెళ్లింది. అక్కడ జాతక దోస్త్ కూర్చుని ఉంది. దాన్ని తొలగించే మీటా పనిచేయలేదు. పైన ఒక వాక్యం మాత్రం రాసి ఉంది. హిమబిందు చదివింది. "ఈ బ్రౌజర్‌ను మీ సంస్థ నిర్వహిస్తోంది."

"ఏ సంస్థ?" అంది హనుమంతమ్మ.

"అదేనండి, మీ సంస్థ."

"నా సంస్థంటే నేనే గదమ్మా! నేనేం నిర్వహిస్తాండా? నాకు తెలీకుండా నా సంస్థలో ఇంకెవరుండారు?"

"ఉన్నారు. వాళ్లనే పట్టుకోవాలి" అంది హిమబిందు. ఆఫీసుల్లో ఉద్యోగులు ఇష్టమొచ్చినట్టు మార్చకుండా పెద్దలు పెట్టే తాళం అదనీ, ఈ దొంగ సరుకు కూడా అలాంటి తాళమే వేసుకుని లోపల కూర్చుందనీ చెప్పింది. బ్రౌజర్లో ఎంత గింజుకున్నా లాభం లేదు. సిద్దేశ్ చేసింది అందుకే నిలవలేదు. బ్రౌజర్ బయట, కంప్యూటర్లోనే దాని మనుషులు వేరే ఉంటారు.

కంప్యూటర్లో ఏమేం వేసి ఉన్నాయో చూపించే చోటు తెరిచి, వచ్చిన తేదీల వరసలో పెట్టింది. జాతక దోస్త్ వచ్చిన రోజే ఇంకో రెండు పేర్లు కూడా దిగి ఉన్నాయి. ఒకటి వాతావరణం చెబుతానంటుంది. ఇంకొకటి కంప్యూటర్‌ను శుభ్రం చేస్తానంటుంది.

"వీటిని మీరు పిలిచారా?"

"లేదమ్మా. ఒక్కదాన్నే పిలిచినా." హనుమంతమ్మ తెర మీది పేర్లను వేలితో లెక్కపెట్టింది. "చూపులకు అబ్బాయొక్కడే వస్తాడని చెప్పి ఆటో నిండా దిగుతారు చూడు, అట్ల వచ్చినట్టుండారు."

హిమబిందు ఒక్కొక్కటీ తీసేయడం మొదలుపెట్టింది. జాతక దోస్త్ పోతూ పోతూ ఒక పెట్టె చూపించి, 'మమ్మల్ని ఎందుకు వెళ్లమంటున్నారు? ఇంకొక్క అవకాశం ఇస్తారా?' అని అడిగింది. హిమబిందు 'వద్దు' మీద నొక్కేలోపు హనుమంతమ్మ చేయి దానంతటదే మౌస్ వైపు వెళ్లింది.

"హనుమంతమ్మగారూ!"

"అది కాదమ్మా, అంత బతిమాలుతాంటే..."

"ఇలాగేనండి లోపలికొచ్చింది!"

హనుమంతమ్మ రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని కూర్చుంది. ఆ తర్వాత హిమబిందు కంప్యూటర్లో ఉన్న వైరస్ తనిఖీతో అంతా గాలింపు పెట్టింది. అది నెమ్మదిగా నడుస్తుంటే దురుగప్ప కింద నుంచి మిర్చిబజ్జీలు, టీ తెచ్చాడు. మిగిలిన తుక్కు కొంత పట్టుబడింది. ఆపి మళ్లీ పెట్టేసరికి 'మీ సంస్థ' అన్న వాక్యం లేదు. ఇప్పుడు బ్రౌజర్లో తొలగించే మీట పనిచేసింది. పాత వెతుకుడు పేజీని దాని చోట పెట్టి, చిలకను జాబితాలోంచే చెరిపేసింది.

అంతటితో అయిపోలేదు. పలకరించడానికి హనుమంతమ్మ అనుమతి ఇచ్చిన పేజీలన్నీ ఒకచోట బయటపడ్డాయి. కిందికి జరిపేకొద్దీ వస్తూనే ఉన్నాయి. సన్నబడే చూర్ణాలు, లక్కీ డ్రాలు, ఎక్కడో చలిదేశంలో అద్దె ఇళ్లు.

"ఇన్నిటికి అవునన్నారా?" అంది హిమబిందు.

"అన్నీ అడిగినాయి మరి" అంది హనుమంతమ్మ సన్నగా.

అవన్నీ తీసేసి, బ్రౌజర్ సెట్టింగులన్నిటినీ మొదట్లో ఉన్నట్టు చేసి, పాస్‌వర్డు కూడా మార్పించింది హిమబిందు. "ఇప్పుడు మీరే కొట్టండి" అని లేచి నిలబడింది.

'నాగార్జున కూరెకుప్ప.' మొదటి దాని మీద నొక్కింది. తెర రెప్పవేయలేదు. ఫ్యాక్టరీ టౌన్‌షిప్‌లో జరిగిన షటిల్ పోటీల వార్త తెరుచుకుంది. ఫోటోలో నాగార్జున చెమటతో తడిసి, జుట్టు నుదుటికి అతుక్కుపోయి, ఒక చేతిలో బ్యాటు, ఒక చేతిలో కప్పు పట్టుకుని వెర్రి నవ్వు నవ్వుతున్నాడు. పక్కన ఎవరో ఆఫీసరు, పాపం ఓడిపోయిన ముఖం.

హనుమంతమ్మకు సరోజినీదేవి ఫోన్లో అన్న ఒక్కొక్క మాటా తిరిగి వినిపించింది. డ్యూటీ దిగితే అటే పోతాడు. ఆఫీసర్లు కూడా వీడితోనే ఆడతారు. అమ్మాయికి కూడా నేర్పిస్తాడు. "అయ్యో నా తల్లీ" అని తల పట్టుకుంది. అది చూసి హిమబిందుకు కూడా జాలేసింది. అయినా మెత్తబడలేదు. "మా నాన్నకి మీరే చెప్పాలి. ఇప్పుడే" అని ఫోన్ కలిపి చేతిలో పెట్టింది.

హనుమంతమ్మ అంతా చెప్పింది. అవతల శివరామకృష్ణయ్య మొదటి నుంచీ ఇంకోసారి చెప్పించుకున్నాడు.

"అయితే అందరి పేర్లూ వచ్చాయంటారు" అన్నాడు చివరికి.

"అందరివీ వచ్చినాయప్పా."

"నాది కూడా కొట్టారా?"

హనుమంతమ్మ హిమబిందు వైపు చూసింది. దాచి లాభం లేదు. "కొట్టినా. వచ్చింది. లోను కూడా."

ఫోన్లోంచి ముందు ఒక ఉరుములాంటిది వచ్చింది. తిట్టబోతున్నాడనుకుని ఆమె ఫోన్ చెవికి దూరంగా పెట్టింది. అది నవ్వని కొంచెం ఆలస్యంగా అర్థమైంది. "మా ఆవిడకి చెప్పకండి. అసలే అనుమానం మనిషి" అన్నాడు. తర్వాత గొంతు మార్చి, "ఆ తల్లిని బాధపెట్టామండి. మీరు వెళ్లి ఆవిడతో మాట్లాడి రండి. నేను ఫోన్లో అంటే బాగుండదు" అన్నాడు.

మర్నాడు హనుమంతమ్మ, దురుగప్ప బస్సులో కూరెకుప్ప వెళ్లారు. బస్సు దారంతా ఇనుప ఖనిజం లారీల వెనకే నడిచింది, దిగేసరికి ఇద్దరి ముఖాలూ దుమ్ముతో ఎర్రగా ఉన్నాయి. సరోజినీదేవి తలుపు తీసి, కాళ్లు కడుక్కోవడానికి నీళ్లిచ్చింది కానీ నవ్వలేదు.

"జాతకాలు కుదరలేదన్నారుగా?"

"జాతకాలు బాగుండాయమ్మా. నాకే బుద్ధి బాగలేకపాయ" అని హనుమంతమ్మ మొదలుపెట్టి, దేన్నీ దాచకుండా చెప్పింది. జాతకాల మాట తను చెప్పిన అబద్ధమని కూడా ఒప్పుకుంది. రమ్మీ దగ్గరికి వచ్చేసరికి సరోజినీదేవి లేచి నిలబడింది.

"మావాడా? ముక్కల్లో జాకీ ఏదో రాజు ఏదో కూడా తెలియనివాడండి!" ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "జాతకం పేరు చెప్పారు కదా అని, వాడిలో ఏ దోషముందోనని ఎన్ని గుళ్లు తిరిగానో మీకు తెలుసా? ఈ వీధిలో అందరికీ చెప్పుకున్నాను. వాళ్లందరూ నన్ను ఓదార్చారు."

హనుమంతమ్మ తల వంచుకుని కూర్చుంది. దురుగప్ప కూడా ఏ సవరణా చెప్పలేదు. చివరికి సరోజినీదేవే ముక్కు తుడుచుకుని, "సరే. నేను చెప్పినవాళ్లందరికీ ఇప్పుడు మీరే చెప్పండి. రండి" అని చెప్పులేసుకుంది.

అలా హనుమంతమ్మ కూరెకుప్పలో ఇల్లిల్లూ తిరిగింది. ప్రతి ఇంట్లో కూర్చోబెట్టారు, ప్రతి ఇంట్లో కాఫీ ఇచ్చారు, ప్రతి ఇంట్లో కథ మొదటి నుంచీ అడిగారు. మొదటి ఇంట్లో తప్పంతా తనదేనని కన్నీళ్లు పెట్టుకుంది. తర్వాతి ఇంట్లో తప్పు కొంత కంప్యూటర్ మీదికి జరిగింది. వీధి మధ్యకు వచ్చేసరికి దొంగను మొదట అనుమానించింది తనేనని తేలింది. చివరి ఇంట్లో హనుమంతమ్మ ముగ్గురు దొంగల్నీ మెడపట్టి గెంటుతుంటే, హిమబిందు పక్కన నిలబడి మౌస్ అందించింది. సరోజినీదేవి దురుగప్ప వైపు చూసింది. ఆయన కాఫీ గ్లాసులోకి చూసుకుంటున్నాడు. ఆమెకు మొదటిసారి నవ్వొచ్చింది, ఆపుకుందామనుకున్నా ఆగలేదు.

ఆ చివరి ఇంటి హొన్నప్ప అనే ముసలాయన కథంతా విని, లోపలికి వెళ్లి మనవరాలి ఫోటో ఒకటి తెచ్చి హనుమంతమ్మ చేతిలో పెట్టాడు. "అంత చేసినదానివి, మా పిల్లకు కూడా ఒక అబ్బాయిని చూడు తల్లీ" అన్నాడు. సరోజినీదేవి ఏమంటుందోనని హనుమంతమ్మ ఓరగా చూసింది. ఆమె ఫోటో తనూ తీసుకుని చూసి, పిల్ల బాగుందంది.

కోతలయ్యాక హిమబిందుకు, నాగార్జునకు క్యాంపులోనే పెళ్లి జరిగింది. భోజనాల దగ్గర శివరామకృష్ణయ్య హనుమంతమ్మను తన చుట్టాలందరికీ పేరుపేరునా చూపించాడు. ఆమె ఆకుపచ్చ పట్టుచీరలో సరోజినీదేవి పక్కన కూర్చుని, ఆకులో రెండోసారి వేసిన పూర్ణాలు తింటూ, వీళ్లిద్దరి ముఖాలు చూసినరోజే ఈ పెళ్లి అయి తీరుతుందని తనకు తెలుసని చెబుతోంది. సరోజినీదేవి తలూపుతూ ఇంకో పూర్ణం వేయించింది.